గుండీ నమిలిన దర్జీ

గదిలో సిగరెట్టు వాసన లేదు. చీమ మొదట గమనించింది అదే.

ఆమెను అసలు పేరుతో పిలిచేవాళ్లు తక్కువ. ఎక్కడ ఏ చిన్న ఆధారం ఒలికినా, తొందరపడకుండా దారి పట్టుకుని వచ్చేస్తుందని పోలీసులే ఆ పేరు పెట్టారు. వెక్కిరింతకే పెట్టినా ఆమెకు నచ్చింది. ప్రైవేటు డిటెక్టివ్‌గా ఇన్నేళ్లలో ఆమె సంపాదించుకున్నది ఆ పేరొక్కటే.

నిన్న మధ్యాహ్నం దర్జీ ఈ గదిలోనే స్పృహ తప్పి పడిపోయాడు. ఇప్పుడు ఆసుపత్రిలో ఉన్నాడు. ప్రాణానికి ఫరవాలేదన్నారు గానీ ఎందుకు పడిపోయాడో ఎవరూ చెప్పలేకపోయారు. సిగరెట్టు మాన్పించే మందు మీద ఆ ఆసుపత్రి క్లినిక్‌లో ఒక పరిశోధన జరుగుతోంది. దర్జీ అందులో చేరాడు. వారం వారం వెళ్లి మాత్రలు తెచ్చుకునేవాడు. ఆ మాత్రలు ఇచ్చే నర్సు మీద ఇన్‌స్పెక్టరుకి అనుమానం. దర్జీ కూతురి బాధ మాత్రం వేరు.

“మానేశానని నాన్న అంటాడు. తాగుతున్నావని క్లినిక్‌లో మీటరు అంటుంది” అంది గుమ్మంలో నిలబడి. “వెళ్లినప్పుడల్లా దాన్లోకి ఊదిస్తారు. ఊదినప్పుడల్లా తాగేవాళ్ల అంకెలే వస్తాయి. అమ్మ మీటరునే నమ్మింది. ఆయనతో మాట్లాడ్డం మానేసింది. నాన్న అబద్ధమాడాడో లేదో తేల్చండి మేడమ్. ఎందుకు పడిపోయాడో పోలీసులు చూసుకుంటారు. నాకు ఇది కావాలి.”

“ఆ రెండూ వేరువేరు కాకపోతే?”

“అర్థం కాలేదు మేడమ్.”

“నాకూ కాలేదమ్మా. అందుకే చూస్తున్నా. నువ్వు గుమ్మంలోనే ఉండు.”

చిన్న గది. ఒక కుట్టుమిషను, బట్టలు కత్తిరించే బల్ల, గోడకు కట్టిన కర్ర మీద ఒకే రకం నీలం చొక్కాలు. బడి పిల్లల యూనిఫాంలని, రేపటికి అందించాలని కూతురు చెప్పింది. బల్ల చివర బరువైన పాత ఇస్త్రీపెట్టె ఉంది. చీమ మూత ఎత్తి చూసింది. లోపల చల్లారిన బూడిద.

“కరెంటుది లేదా?”

“కొనిచ్చాను. అటక మీద పెట్టేశాడు. ఈ బరువు పడితేగానీ కాలరు కూర్చోదంటాడు.”

కిటికీ రెక్కలు మూసి ఉన్నాయి. ఊరికే మూయడం కాదు. సందుల్లో గుడ్డపేలికలు కుక్కి ఉన్నాయి. దర్జీ పనితనం అక్కడా కనబడుతోంది. ఒక్క దారం కూడా బయటకు వేలాడటం లేదు.

“ఇది ఎప్పటినుంచి?”

“మానేసినప్పటినుంచి. ముందు ఆ కిటికీ దగ్గర నిలబడే కాల్చేవాడు. కింద టీకొట్టు ఉంది కదా, అక్కడివాళ్ల పొగ పైకొస్తుంది. ఆ వాసన తగిలితే నా చెయ్యి నా మాట వినదమ్మా, జేబులోకి పోతుంది అనేవాడు.”

చీమ బల్ల కింద చూసింది. మిషను పీఠం కింద చెయ్యి పెట్టి తడిమింది. గుడ్డల మూటలు ఒక్కొక్కటీ విప్పింది. సిగరెట్టు పీక గానీ, అగ్గిపుల్ల కాల్చి పడేసిన గుర్తు గానీ లేదు. ఇస్త్రీపెట్టె కోసం ఒక అగ్గిపెట్టె వరండాలో, బొగ్గుల సంచి పక్కన ఉంది. అంతే.

“బాగా వెతకండి. దొరికితే నాకూ చూపించండి” అంటూ దర్జీ భార్య వచ్చింది. రాత్రంతా ఆసుపత్రి బల్ల మీద కూర్చున్న మనిషి. జుట్టు కూడా సరిచేసుకోలేదు. “పెళ్లైన కొత్తలో చక్కెర డబ్బాలో దాచేవాడు. తర్వాత నా పెట్టెలో, నా చీరల మధ్యే దాచేవాడు. నా చీర నేనెలా అనుమానిస్తాననుకున్నాడో ఏమో.”

“ఈసారి నిజంగానే మానేశాడేమో?”

“అయితే మీటరు అబద్ధం చెప్తోందా? దానికేమన్నా నా మొగుడి మీద పగా?”

“అమ్మా!” అంది కూతురు.

“నువ్వూరుకోవే. వారమైంది నేను మాట్లాడి. అన్నానికి పిలవాలంటే దీనికి ఫోను చేసేదాన్ని. మీ నాన్నని తినమని చెప్పు అని. ఇది మళ్లీ ఆయనకి ఫోను చేసేది. పక్క గదిలో ఉన్న మనిషికి!”

“నిన్న ఎలా చూశారు?”

ఆమె బల్ల మీది టేపు తీసి వేలికి చుట్టుకుంది.

“ఎంతకీ రాలేదు. తలుపు దగ్గరగా వేసి ఉంది. తోశాను. నేల మీద పడుకుని ఉన్నాడు. మొహం ఎర్రగా, పెళ్లికొడుకు మొహంలా ఉంది. హాయిగా నిద్రపోతున్నాడనుకున్నా. పని మానేసి పడుకున్నారా సిగ్గులేదా అని అరిచా.” టేపు విప్పింది. మళ్లీ చుట్టింది. “వారం తర్వాత మాట్లాడిన మొదటి మాట. తిట్టే.”

చీమ మెల్లగా అడిగింది.

“అంతకుముందు ఒంట్లో బాగాలేదని అనేవారా?”

“రోజూ సాయంత్రానికి తలనొప్పి. వాంతి వచ్చినట్టుంటుందనేవాడు. ఆ మాత్రలకి అలాగే ఉంటుందన్నారట క్లినిక్‌లో.”

“మా ఇంటికొచ్చి రెండ్రోజులున్నాడు, అప్పుడు లేదు” అంది కూతురు. “మాత్రలు అక్కడా వేసుకున్నాడు మరి.”

చీమ తల తిప్పి కూతురి వైపు చూసింది. మిషను సొరుగు లాగింది. దారపు ఉండల వెనక ఒక రేకు డబ్బా ఉంది. మూత తీస్తే అందులో గుండీలు. తెల్లవి, నీలివి. ప్రతి గుండీ అంచునా పళ్ల గాట్లు. కొన్ని నడిమికి విరిగాయి.

తల్లీకూతుళ్లు వంగి చూశారు.

“సిగరెట్టు మీదికి మనసు పోయినప్పుడు నోట్లో వేసుకున్నట్టున్నారు” అంది చీమ.

“అయ్యో, గుండీలు ఎవరు కొరుకుతున్నారా అని నేను ఎలకల బోను తెప్పించాను” అంది భార్య. నవ్వబోయింది. పెదవి మాట వినలేదు.

డబ్బా అడుగున నాలుగు పెద్ద గుండీలు వేరుగా ఉన్నాయి. గోధుమరంగు, కొమ్ముతో చేసినవి, పాతవి. వాటి మీద కూడా గాట్లున్నాయి.

“ఇవి మావి కావు” అంది భార్య ఒకటి తీసి వెలుతురుకి పట్టి చూస్తూ. “కోటు గుండీలు. ఆయన కోట్లు కుట్టడు.”

చీమ ఒక గుండీ అడిగి తీసుకుంది.

*

“వచ్చిందండీ చీమ” అన్నాడు ఇన్‌స్పెక్టరు. “ఇక్కడ చక్కెరేం లేదు మేడమ్.”

“మీ మాటలున్నాయిగా, చాలు.”

క్లినిక్‌లో పరీక్షలు చేసే గది అది. నర్సు కిటికీ పక్కన కుర్చీలో ఒదిగి కూర్చుని ఉంది. చిన్నపిల్లలా ఉంది, పాతికేళ్లుంటాయేమో. ఎదురుగా పెద్ద డాక్టరు, ఆయన పక్కన ఇన్‌స్పెక్టరు నిలబడి ఉన్నారు. బల్ల మీద ఒక చేతిమీటరు, దానికి తగిలించే అట్టగొట్టాల కట్ట ఉన్నాయి.

“మీ శ్రమ తగ్గిస్తాను” అన్నాడు ఇన్‌స్పెక్టరు. “ఈవిడ ఆదివారం, డ్యూటీ లేని రోజు, దర్జీ ఇంటికి వెళ్లింది. చేతికి ఒక పొట్లం ఇచ్చింది. పక్కింటావిడ చూసింది. పొట్లంలో ఏముందంటే నోరు విప్పదు. ఇంక డాక్టరుగారు చెప్పింది వినండి.”

పెద్ద డాక్టరు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. “మా పరిశోధనలో సగంమందికి అసలు మందు, సగంమందికి మందు లేని మాత్ర ఇస్తాం. చూడ్డానికి రెండూ ఒక్కటే. ఎవరికి ఏది వెళ్తుందో నర్సుకీ తెలీదు, నాకూ తెలీదు. మనిషి ప్రమాదంలో పడితే తప్ప ఆ రహస్యం విప్పకూడదు. పొద్దున విప్పించాను. దర్జీకి వెళ్లింది మందు లేని మాత్ర. సుద్దముక్క అనుకోండి.”

“సుద్దముక్క తింటే ఎవడూ పడిపోడు” అన్నాడు ఇన్‌స్పెక్టరు. “ఈవిడకి జాలి పుట్టింది. ముసలాయన ఎంతకీ మానట్లేదు, అసలు మందు అందట్లేదేమో అనుకుంది. దొంగచాటుగా తెచ్చి ఇచ్చింది. ఆయన ఎక్కువ మింగాడు. సాయంత్రానికి అరెస్టు.”

నర్సు తల ఎత్తలేదు.

చీమ చేతిలోని గుండీ తీసి బల్ల మీద పెట్టింది.

“పొట్లంలో ఉన్నవి ఇవేనా తల్లీ?”

నర్సు గుండీ వైపు చూసింది. చూపు అక్కడే ఆగిపోయింది. కాసేపటికి కళ్లు తుడుచుకుంది.

“మా నాన్న కోటువి” అంది. “ఆయన మానలేకపోయాడు. ఆఖరికి ఆక్సిజన్ గొట్టం తీసేసి కూడా ఒక్క దమ్ము ఇవ్వమ్మా అని అడిగాడు. ఈ పెద్దాయన మొన్న వచ్చినప్పుడు, సిస్టరమ్మా, నోరు ఊరుకోనప్పుడు గుండీ నములుతున్నా, కానీ చొక్కా గుండీలు విరిగిపోతున్నాయి అన్నాడు. నవ్వుకుంటూనే అన్నాడు. నాకు మాత్రం నిద్ర పట్టలేదు. మా నాన్న కోటు ఇంకెవరు వేసుకుంటారు మేడమ్? కోసి తీసుకెళ్లి ఇచ్చాను.”

“ఆ ముక్క పొద్దున్నే చెప్పొచ్చుగా?” అన్నాడు ఇన్‌స్పెక్టరు.

“పరిశోధనలో ఉన్నవాళ్ల ఇళ్లకి మేం వెళ్లకూడదు సార్. ఏదీ ఇవ్వకూడదు. తెలిస్తే ఆయన్ని తీసేస్తారు. మానేశానని అంత గట్టిగా చెప్తున్నాడు. ఎవరూ నమ్మట్లేదు. ఇంక క్లినిక్ కూడా లేకపోతే ఆయనకి ఎవరున్నారు?”

“నువ్వు నమ్మావా?” అని అడిగింది చీమ.

నర్సు తడబడింది. “నమ్మాలనుకున్నాను మేడమ్. కానీ మీటరు...”

“బాగుంది” అన్నాడు ఇన్‌స్పెక్టరు. “గుండీల కథ. కోర్టులో జడ్జిగారు కూడా ఏడుస్తారు. గుండీలతో పాటు మాత్రలు ఇవ్వలేదని నమ్మకమేంటి? డాక్టరుగారి మీటరు ప్రకారం ఆ మనిషి అబద్ధాలకోరు. ఆ అబద్ధాలకోరుని ఈవిడ వెనకేసుకొస్తోంది. నేనెవర్ని నమ్మాలి?”

“మీరు రోజుకెన్ని కాలుస్తారు ఇన్‌స్పెక్టరు గారూ?”

“అది కేసుకి సంబంధం లేదు.”

“జేబులో పెట్టె కనబడుతోంది, అందుకని అడిగా.” చీమ మీటరు చేతిలోకి తీసుకుంది. “నాకు చదువు తక్కువ తల్లీ, విడమరిచి చెప్పు. ఇది దేన్ని కనిపెడుతుంది? పొగాకునా, పొగనా?”

“రెండూ కాదు. లోపలికి గాలి పీల్చి, కాసేపు బిగబట్టి, మెల్లగా ఊదాలి. ఊపిరిలో కార్బన్ మోనాక్సైడ్ ఎంతుందో చూపిస్తుంది. రంగు, వాసన లేని విషవాయువు. సిగరెట్టు కాల్చేవాళ్ల రక్తంలో చేరి ఉంటుంది.”

“సిగరెట్టులోంచి మాత్రమే వస్తుందా?”

“అవును, అదే...” అంటూ మొదలుపెట్టి నర్సు ఆగిపోయింది. “కాదు. సరిగ్గా గాలాడని ఏ మంటలోంచైనా వస్తుంది. కానీ మా దగ్గరికి వచ్చేవాళ్లంతా సిగరెట్టువాళ్లే కదా మేడమ్. అంకె ఎక్కువుంటే ఎన్ని కాల్చారు అని అడగడమే అలవాటు. ఇంకోటి అడగం.”

పెద్ద డాక్టరు కళ్లజోడు పెట్టుకోవడం మర్చిపోయి అలాగే పట్టుకుని ఉన్నాడు. “ఆయన పని చేసే చోట మంటేమైనా ఉందా?” అన్నాడు.

“బొగ్గుల ఇస్త్రీపెట్టె” అంది చీమ. “కిటికీ సందుల్లో గుడ్డలు కుక్కి ఉన్నాయి. సిగరెట్టు మానడం కోసం కుక్కుకున్నాడు.”

ఇన్‌స్పెక్టరు ముందుగా తేరుకున్నాడు.

“ఊహ బాగుంది. రుజువేది? ఆసుపత్రిలో వేలికి పెట్టే మీటరు చూశారుగా, ఆక్సిజన్ భేషుగ్గా ఉందని చూపించింది.”

“ఆ యంత్రానికి రెంటికీ తేడా తెలీదు” అన్నాడు డాక్టరు నీరసంగా. “విషవాయువున్న రక్తాన్ని కూడా మంచి రక్తమనే చూపిస్తుంది.”

“మీటరు తీసుకుని రా తల్లీ. వార్డుకి వెళ్దాం” అంది చీమ.

“ఆవిడ ఎక్కడికీ కదలదు” అన్నాడు ఇన్‌స్పెక్టరు.

“మీరు పక్కనే నడవండి. పారిపోతే పట్టుకోవచ్చు.”

*

దర్జీ దిండుకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. సన్నటి మనిషి. నర్సుని చూడగానే మొహం విప్పారింది, డాక్టరు వెనక ఇన్‌స్పెక్టరుని చూసి ముడుచుకుంది.

“సిస్టరమ్మని ఏమీ అనకండి బాబూ. నేనేం తాగలేదు, ఏం మింగలేదు.”

“ఒక్కసారి ఊదండి పెద్దాయనా” అంది నర్సు. మీటరుకి కొత్త గొట్టం తగిలించింది.

ఆయన ఊపిరి బిగబట్టాడు. నర్సు కళ్లలోకి చూస్తూ ఊదాడు. అంకె రెండు దగ్గర ఆగింది.

“రెండు! ఎప్పుడూ తాగనివాళ్లకి వచ్చేది ఇదే” అంది నర్సు.

“వార్డులో ఎవరిస్తారు సిగరెట్టు?” అన్నాడు ఇన్‌స్పెక్టరు. “నిన్నట్నుంచి మంచం మీదున్నాడు. నాకైనా రెండే వస్తుంది.”

“చూద్దాం. మీరూ ఊదండి” అంది చీమ.

అందరూ తన వైపే చూస్తుంటే కాదనలేక ఊదాడు. పద్దెనిమిది. “జలుబు చేసింది” అన్నాడు మీటరు తిరిగిస్తూ.

అప్పుడే దర్జీ భార్య వచ్చింది. భర్త మొహం చూడకుండానే తెచ్చిన ఫ్లాస్కు బల్ల మీద పెట్టింది. కొంగుతో నుదురు నొక్కుకుని మంచం కడ్డీ పట్టుకుంది.

“ఏమైందమ్మా?” అంది చీమ.

“ఏం లేదు. తలనొప్పి. నిద్ర లేదు కదా.”

ఆమె వేళ్ల సందుల్లో నల్లటి మసి ఉంది. చీమ ఆ చెయ్యి పట్టుకుంది. రెండో చేత్తో మీటరు అందుకుంది.

“ఇందులో ఊదండి.”

“నేనా? నేనెందుకు? నేనేం పాపం చేశానని?”

“నాకోసం ఊదండి.”

ఆమె కోపంగానే ఊపిరి బిగబట్టింది. బుగ్గలు ఉబ్బించి, అక్కడున్న మగవాళ్లందర్నీ గుడ్లురిమి చూసి, ఊదింది. అంకె పైకెక్కింది. పది దాటింది. పద్దెనిమిది దగ్గర అందరూ ఇన్‌స్పెక్టరు వైపు చూశారు. అది ఆగలేదు. ఇరవయ్యారు.

జీవితంలో సిగరెట్టు ముట్టని మనిషి.

దర్జీ మీటరు వైపు చూశాడు. భార్య వైపు చూశాడు. గొంతు సవరించుకున్నాడు.

“ఎప్పట్నుంచే?” అన్నాడు. “నాకు చెప్పనేలేదు.”

నర్సు ఫక్కున నవ్వింది. నవ్వుతూనే ఏడ్చేసింది. భార్యకి అర్థం కాలేదు. డాక్టరు చెప్పాడు, నెమ్మదిగా, రెండుసార్లు. మీటరు పట్టిచ్చింది సిగరెట్టుని కాదని, బొగ్గుల గాలినని. వారం వారం అది మనిషి ప్రాణానికి ముప్పుందని మొత్తుకుంటే ఆయన అబద్ధాలాడుతున్నాడని తాము రాసుకున్నామని.

“అయితే మానేశాడా?” అంది ఆమె. “నిజంగానే?”

“మందు కూడా లేకుండా” అన్నాడు డాక్టరు. “సుద్దముక్కలు మింగి, గుండీలు నమిలి.”

ఆమె మంచం అంచున కూర్చుంది. ఆసుపత్రి చొక్కా భుజం దగ్గర జారి ఉంటే సరిచేసింది. సరిచేసిన చెయ్యి అక్కడే ఉంచేసింది.

“తిట్టాను” అంది.

“నాకు వినబడలేదులే” అన్నాడు దర్జీ.

ఇన్‌స్పెక్టరు నర్సు వైపు తిరిగాడు. ఏదో అనబోయి, “ఆ కన్నీళ్లు తుడుచుకో అమ్మా, నువ్వింక వెళ్లొచ్చు” అన్నాడు.

చీమ ఆ మాట వినలేదు. ఆమె చూపు ఇంకా మసి అంటిన వేళ్ల మీదే ఉంది.

“పొద్దున నేను చూసినప్పుడు ఇస్త్రీపెట్టె చల్లగా ఉంది” అంది. “మీరు ఎప్పుడు వెలిగించారు?”

“మీరు వెళ్లగానే. రేపు బడికి చొక్కాలివ్వాలి కదమ్మా. ఆయన మాట పోకూడదని నేనే కూర్చున్నా. ఇప్పటిదాకా చేసి, మిగతావి అమ్మాయికి...”

మాట మధ్యలోనే ఆగింది.

“అమ్మాయి ఎక్కడుంది?” అన్నాడు ఇన్‌స్పెక్టరు.

“గదిలో. నిండా బొగ్గులు పోసి ఇచ్చి వచ్చాను. పరామర్శకని అందరూ తలుపు తోసుకుని వస్తున్నారు, పని సాగట్లేదని లోపల గడియ పెట్టుకుంది.”

ఇన్‌స్పెక్టరు అప్పటికే పరిగెత్తుతున్నాడు. మెట్ల మీద అతని బూట్ల చప్పుడు, అతను ఫోనులో ఎవరికో వీధి పేరు అరిచి చెప్పడం వినబడ్డాయి. చీమ కూతురికి ఫోను చేసింది. చాలాసేపు మోగింది.

“హలో” అంది కూతురు. మెత్తగా, దూరం నుంచి, నిద్రలోంచి వచ్చినట్టుంది గొంతు. “మేడమ్... ఇంకా రెండే చొక్కాలు. తల తిరుగుతోంది. కాసేపు పడుకుని...”

“పడుకోకు! లే. తలుపు తియ్యి.”

“ఊఁ” అంది. ఏదో నేల మీద పడిన చప్పుడు. తర్వాత ఊపిరి మాత్రమే.

దర్జీ చెయ్యి చాచాడు. చీమ ఫోను ఇచ్చింది. ఆయన దాన్ని రెండు చేతులతో నోటి దగ్గర పెట్టుకున్నాడు.

“బుజ్జీ, నాన్నని. నాకు దాహంగా ఉంది తల్లీ. నీళ్లు తెచ్చిపెట్టవా?”

చప్పుడు లేదు. తర్వాత సన్నగా, “ఇప్పుడా నాన్నా?”

“ఇప్పుడే. నిలబడొద్దు. పాకు. చిన్నప్పుడు బల్ల కింద పాకేదానివి కదా, అలా. మిషను కాలు తగిలిందా?”

నేల మీద బట్ట రాసుకుంటున్న చప్పుడు. ఆగింది. మళ్లీ మొదలైంది.

“తగిలింది.”

“దాన్ని పట్టుకుని ఇవతలికి రా. ఎదురుగా తలుపే. చెయ్యి పైకెత్తు. గడియ దొరుకుతుంది.”

భార్య ఆయన భుజం మీది గుడ్డని పిడికిట్లో బిగించింది. నర్సు ఆక్సిజన్ సిద్ధం చేయమని కేకవేస్తూ బయటికి పరిగెత్తింది.

ఫోనులో ఇనుము ఇనుముకి తగిలిన చప్పుడు, ఒక్కసారి.

“అదే తల్లీ. అదే గడియ” అన్నాడు దర్జీ. “సగం జరిగింది. ఇంకొక్కసారి తొయ్యి.”

రెండో చప్పుడు కోసం ఆ చిన్న ఫోను చుట్టూ అందరూ ఊపిరి బిగబట్టి నిలబడ్డారు.